బొగ్గు గీత మీద ఉన్నప్పుడే చెప్పండి

వేసిన బొమ్మో రాసిన కథో తెచ్చి చూపించి "ఎట్లుండాదక్కా?" అని అడుగుతారు. "బాగుండాది" అంటాం. అక్కడితో మాట అయిపోతుంది. అడిగినవాళ్ళకు కొంచెం సంతోషం, చెప్పినవాళ్ళకు కొంచెం ఊరట. పని మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

మా ఇల్లు తిరుపతిలో, బాలాజీ కాలనీలో. నెలకోసారి ఆదివారం సాయంత్రం మా మిద్దె మీద కొందరం కూర్చుంటాం. రైల్వేలో రిటైరైన సార్ ఒకాయన కథలు రాస్తారు. యూనివర్సిటీలో చదివే పిల్లోడు ఫోన్‌తో ఫొటోలు తీస్తాడు. మా వీధిలోనే ఉండే ఒకావిడ అన్నమయ్య కీర్తనలు నేర్చుకుంటోంది. నేనూ ఇంకొందరూ కలంకారీ వేస్తాం. ఇది ఎవరికీ బతుకుతెరువు కాదు. ఆఫీసు, వంట, పిల్లల చదువులు అన్నీ అయ్యాక మిగిలిన ఆ కాస్త టైంలో చేసుకునే పని. అందుకే ఆ టైం అంటే నాకు గౌరవం. అందులో చేసినదాన్ని ఎవరైనా తెచ్చి మన ముందు పెడితే, సగం చూసి "బాగుండాది" అని పంపేయడం వాళ్ళ శ్రమను చూడకపోవడమే. అట్లని కూర్చున్నపళాన తప్పులు ఏకరువు పెట్టడమూ చూడటం కాదు. ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, వినేవాళ్ళు ఎట్లా వినాలి అన్నదాంట్లో మాకు పనికొచ్చిన పద్ధతులు ఇక్కడ రాస్తున్నాను. బొమ్మలైనా, కథలైనా, పాటైనా, ముగ్గులైనా ఇవి పనికొస్తాయి.

ముందు పని ఏ దశలో ఉందో అడగండి

శ్రీకాళహస్తి మాకు 40 కిలోమీటర్ల లోపే. కలంకారీ నేను అక్కడే ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. మచిలీపట్నంలో చెక్క అచ్చులతో అద్దుతారు. శ్రీకాళహస్తిలో అంతా చేత్తోనే, కలంతో గీయడమే. వెదురుపుల్ల మొన చెక్కి, దానికి కొంచెం పైన నూలుగుడ్డో ఉన్నో చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్ట రంగును పీల్చుకుంటుంది. వేళ్ళతో నొక్కే కొద్దీ మొనకు దిగుతుంది. గీత సన్నమా లావా అన్నది ఆ నొక్కుడులోనే ఉంటుంది.

గంజి పోయేదాకా ఉతికిన గుడ్డను కరక్కాయ పొడి, ఎనుము పాలు కలిపిన దాంట్లో ముంచి ఆరబెడతాం. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. ఆ గుడ్డ మీద ముందు చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో బొమ్మ గీసుకుంటాం. నచ్చకపోతే గుడ్డపేలికతో దులిపితే పోతుంది. చేయి కొంచెం పొడుగైందా, దులుపు, మళ్ళీ గీయి. ఆ తర్వాత కసిం. బెల్లం నీళ్ళలో ఇనప ముక్కలు వేసి రెండు మూడు వారాలు పులియబెట్టిన నీళ్ళు అవి. కలంతో గీయగానే ఆ ఇనుము గుడ్డలోని కరక్కాయ ఒగరుతో కలిసి నల్లబడిపోతుంది. ఆ నలుపు ఇక ఏటిలో జాడించినా పోదు.

మా గురువు గారు బొగ్గు గీత దగ్గర పక్కనే కూర్చునేవారు. "ఆ మోచేయి చూడమ్మా", "ఆ తల కొంచెం వంచు" అని ఆపకుండా చెప్పేవారు. కసిం గిన్నె ముందుకొచ్చాక ఆయన నోరు విప్పేవారు కాదు. గీసేవాళ్ళ చేయి అప్పుడు వణకకూడదు. ఎవరి పని మీదైనా మాట చెప్పడానికి నాకు తెలిసిన మొదటి నియమం ఆయన దగ్గర చూసిందే. మారడానికి వీలున్నప్పుడు మొహమాటపడకుండా చెప్పాలి. మార్చలేని దశలో, ముఖ్యంగా చేయి ఆడుతున్నప్పుడు, ఊరుకోవాలి.

మా మిద్దె మీద ఇప్పుడు ఎవరు ఏం తెచ్చినా మొదటి ప్రశ్న ఒకటే: "ఇది బొగ్గా, కసిమా?" కథ తెచ్చిన సార్‌నీ అదే అడుగుతాం. మొదటి చిత్తుప్రతి అయితే అది బొగ్గు. అప్పుడు అక్షరదోషాలు ఏరడం దండగ. కథ ఎక్కడ మొదలవ్వాలి, ఎవరి కళ్ళతో చెప్పాలి అన్నవే మాట్లాడతాం. పత్రికకు పంపే ముందు ఆఖరి ప్రతి అయితే అచ్చుతప్పులు, వాక్యాలు చూస్తాం. అప్పుడు కూర్చుని "ఈ కథ కొడుకు వైపు నుంచి చెప్పుంటే బాగుండేది" అంటే ఆయనకు టెన్షన్ తప్ప ఇంకేమీ మిగలదు.

అన్నీ అయిపోయి, ఉతికి మడత పెట్టి, మేనకోడలి నిశ్చితార్థానికి ఇవ్వబోయే చీర తెచ్చి చూపిస్తే? అందులో నిజంగా బాగున్నదాన్ని వెతికి చెప్పండి. "ఈ పల్లూలో హంసల మెడలు ఒకదానికొకటి అందుకున్నట్టు భలే వచ్చినాయి" అనండి, అది నిజమైతేనే. లోపం కనపడినా ఆ రోజు వద్దు. ఆవిడ ఇంకో చీర మొదలుపెట్టి బొగ్గు పుల్ల పట్టుకున్న రోజు, అడిగితే, పాతదాని సంగతి ఎత్తొచ్చు. అప్పుడు ఆ మాటకు చోటుంటుంది.

మీకు ఏం కనపడిందో చెప్పండి

మాలో ఒకామె గోవర్ధనం ఎత్తిన కృష్ణుడిని వేస్తోంది. గోడకు తగిలించే గుడ్డ, చుట్టూ చిలకలూ తీగలూ ఉన్న అంచు. బొమ్మ కసిం దాకా వచ్చింది, అంచు ఇంకా బొగ్గులోనే ఉంది. అందరూ చూసి మెచ్చుకున్నారు. నాకు మాత్రం చూపు ముందు అంచు మీదికే పోతోంది. కృష్ణుడి దగ్గరకు రావడానికి కొంచెం సేపు పడుతోంది. ఆ మాటే చెప్పాను.

"అంచు అంత బాగొచ్చిందంటావాక్కా?" అంది.

"అంచు బాగుంది. కానీ ముందు అదే కనపడుతోంది. నువ్వు ముందు ఎవరిని చూడాలనుకున్నావు?"

ఆమె గుడ్డను గోడకు ఆనించి, ఆ చివర నీళ్ళ ట్యాంకు దాకా పోయి చూసింది. కాసేపటికి తనే కనిపెట్టింది. తీగ మీద ప్రతి ఆకులోనూ సన్నగీతలు నింపేసింది. కృష్ణుడి నగల్లో ఎంత ఒత్తుగా గీతలున్నాయో ఆకుల్లోనూ అంతే ఒత్తుగా ఉన్నాయి. చూపు నిలవడానికి ఎక్కడా ఖాళీ లేదు. అక్కడికక్కడే పేలిక తీసుకుని ఆకుల్లోని బొగ్గు గీతలు దులిపేసింది. కొసకు ఒక్క ఈనె మాత్రం ఉంచింది. ఆ తర్వాత చూస్తే కొండ ఎత్తిన చేయి దగ్గరికి చూపు నేరుగా పోతోంది.

"అంచు ఎక్కువైంది" అని నేను అనుంటే అది తీర్పు. దాన్ని ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు, వాదన పెరగొచ్చు. "నా చూపు ముందు ఇటు పోతోంది" అన్నది నాకు జరిగిన విషయం. దాన్ని కాదనే పనే లేదు. ఎందుకు అలా జరుగుతోందో వెతుక్కోవడం చేసినవాళ్ళ పని, వాళ్ళకే అది బాగా తెలుస్తుంది. అందుకే మొదలుపెట్టేటప్పుడు ఇట్లా మొదలుపెట్టండి: ముందు ఏది చూశాను, ఎక్కడ ఆగాను, ఎక్కడ తప్పిపోయాను, ఏది గుర్తుంది. బొమ్మలు వేయడం రానివాళ్ళు కూడా ఇంతవరకు చెప్పగలరు. చాలాసార్లు వాళ్ళే సరిగ్గా చెబుతారు, ఎందుకంటే వాళ్ళకు చేతి విద్య మీదికి ధ్యాస పోదు.

ఇంకో మాట. చూసేదాని సంప్రదాయం కొంచెమైనా తెలుసుకుని మాట్లాడండి. మా దగ్గరికి వచ్చిన ఒక చుట్టం "ఆడవాళ్ళ ముఖాలన్నీ ఇట్లా పచ్చగా ఉన్నాయేంది? ఒంటి రంగు వేయాల్సింది" అన్నాడు. శ్రీకాళహస్తి పనిలో స్త్రీమూర్తులకు పసుపు, రాముడికీ కృష్ణుడికీ నీలం, రాక్షసులకు ఎరుపు వేయడం వాడుక. కళ్ళు పెద్దవిగా వేయడమూ అంతే. అవి వేసినవాళ్ళ పొరపాట్లు కావు. ఆ వాడుకలో ఈ బొమ్మ ఎట్లా కుదిరిందన్నదే చూడాలి. తెలియకపోతే "ముఖం పసుపు ఎందుకు వేస్తారు?" అని అడిగితే సరిపోతుంది. మంచి ప్రశ్నే అది. అడిగిన మనిషికీ ఒక కొత్త సంగతి తెలుస్తుంది.

"నాకు ఎరుపు నచ్చదు" లాంటివి అయితే చెప్పకండి. మీ ఇష్టాయిష్టాలు ఆ గుడ్డకు సంబంధించినవి కావు.

చెప్పాల్సినవి ఎన్నో కనపడతాయి. ఒకటే చెప్పండి, మహా అయితే రెండు. అన్నిటికన్నా పెద్దది ఏదో చూసి అది చెబితే, చిన్నవి కొన్ని దాంతోపాటే సర్దుకుంటాయి. పది చెబితే ఇంటికి పోయేసరికి వాళ్ళకు గుర్తుండేది అన్నిటికన్నా నొప్పించిన ఒక్కటే.

జబ్బు చెప్పండి, మందు వాళ్ళకు వదిలేయండి

రైల్వే సార్ కథ ఒకటి చెబుతాను. కొడుకు కోసం తిరుపతి స్టేషన్‌లో ఎదురుచూసే తండ్రి కథ. మొదటి రెండు పేజీలు స్టేషనే. గుండు మీద గంధం పూసుకున్న యాత్రికులు, లడ్డూ సంచులు, రేణిగుంట వైపు నుంచి ఆలస్యంగా వచ్చే బండి, ప్లాట్‌ఫామ్ మీదే పడుకున్న కుటుంబాలు. ఆయన ఉద్యోగమంతా అక్కడే గడిచింది కాబట్టి ప్రతి వాక్యమూ నిజంగా ఉంది. మూడో పేజీలో తండ్రి చొక్కా జేబులోంచి ఒక చీటీ తీసి, చూసుకుని, మళ్ళీ మడిచి పెట్టుకుంటాడు.

సార్ చదివి ముగించాక ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన కదా. చివరికి ఆయనే ఫొటోల పిల్లోడి వైపు తిరిగి, "నాయనా, ఎక్కడ విసుగొచ్చిందో పెన్సిల్‌తో పక్కన గీత పెట్టి ఇవ్వు. మాటల్లో చెప్పక్కరలేదు" అని కాగితాలు చేతికిచ్చారు. వాడు పెట్టాడు. మొదటి రెండు పేజీల్లో పక్కన పొడుగు గీత. చీటీ దగ్గర చిన్న చుక్క. "సార్, ఈ చుక్క దగ్గర నేను నిటారుగా కూర్చున్నా" అన్నాడు.

అప్పుడు మాలో ఒకరు వెంటనే "అయితే ఆ రెండు పేజీలూ తీసేయండి సార్" అన్నారు. సార్ తలూపారు గానీ తీయలేదు. మరుసటి నెల తెచ్చిన ప్రతిలో చీటీ మొదటి పేరాలోకి వచ్చేసింది. స్టేషన్ సగానికి తగ్గింది గానీ పోలేదు. ఇప్పుడు ఆ యాత్రికులనూ ఆ బండినీ తండ్రి కళ్ళతో చూస్తున్నాం, ఆ చీటీలో ఏముందో తెలియకుండా. విసుగొచ్చిందన్న మాట నిజం. తీసేయమన్న సలహా మాత్రం ఆ కథకు సరిపడలేదు. చదివేవాళ్ళకు ఎక్కడ నొప్పి ఉందో తెలుస్తుంది. దానికి ఏం చేయాలన్నది రాసినవాళ్ళకే తెలుస్తుంది, ఎందుకంటే కథ ఎటు పోవాలో వాళ్ళ మనసులో ఉంది. అడిగితే ఒక దారి సూచించండి, తప్పు లేదు. అడగకుండా మీ కథను వాళ్ళ చేత రాయించకండి.

సార్ చేసిన ఇంకో పని మీద నాకు చాలా గౌరవం. మన దగ్గర చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ తప్పు ఎత్తి చూపరు. అది మర్యాద, దాన్ని చెడగొట్టాలని నేను అనుకోను. కాబట్టి తలుపు పెద్దవాళ్ళే తీయాలి. నోటితో చెప్పడం కష్టమైన చోట పెన్సిల్ చేతికివ్వాలి. చిన్నవాళ్ళు చెప్పాల్సి వస్తే "ఇది తప్పు సార్" అనే బదులు "ఇక్కడ నాకు అర్థం కాలేదు సార్", "ఇక్కడ వెనక్కి పోయి మళ్ళీ చదివాను" అంటే మర్యాదా నిలుస్తుంది, విషయమూ చేరుతుంది. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళతో మాట్లాడేటప్పుడు రెండు మాటలు పూర్తిగా మానేయాలి. "మా కాలంలో అయితే" ఒకటి. "నీ వయసుకు ఇది ఎక్కువే" రెండోది. మొదటిది విని పిల్లలు బిగుసుకుపోతారు. రెండోది విని అక్కడే ఆగిపోతారు.

పాట విషయంలో ఇంకొంచెం జాగ్రత్త

బొమ్మా కథా మనిషి నుంచి విడిగా బల్ల మీద ఉంటాయి. పాట గొంతులో ఉంటుంది. గొంతును ఏమన్నా మనిషినే అన్నట్టు తగులుతుంది. అందుకే పాట గురించి నలుగురిలో మెచ్చుకోలు, పక్కకు పిలిచి దిద్దుబాటు అని మేము పెట్టుకున్నాం.

మా వీధావిడ ఒకసారి కీర్తన పాడితే, బయటినుంచి వచ్చిన ఒకాయన అందరి ముందూ "అసలు ట్యూన్ ఇది కాదు" అనేశారు. ఆవిడ ముఖం చిన్నబోయింది. నాకు బాధ అనిపించింది, పైగా ఆ మాటే సరైనది కాదు. అన్నమయ్య కాలం 1408 నుంచి 1503. ఆయన సంకీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరు ఉంటుంది, స్వరం ఉండదు. ఇప్పుడు మనం పాడుకునే వరసల్లో చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ లాంటి వాళ్ళు కూర్చినవి. ఒకే కీర్తన రెండు రాగాల్లో వినపడటం తిరుపతిలో వింతేమీ కాదు. కాబట్టి "అసలుది కాదు" అనే బదులు "మీరు ఎవరి బాణీ నేర్చుకున్నారు?" అని అడగాలి. ఆ బాణీలోనే ఎక్కడైనా తప్పిందా అన్నది ఆ తర్వాతి మాట.

ఆ రోజు నిజంగా సరిచేసుకోవాల్సింది వేరే ఉంది. చరణం పై స్థాయికి పోయినప్పుడు ఒక చోట శ్రుతి కిందికి జారింది. మాలో సంగీతం తెలిసినావిడ అందరూ పోయాక మెట్ల దగ్గర ఆగి, ఏమీ అనకుండా ఆ పాదం తను ఒకసారి పాడింది. ఆవిడా పాడింది. మళ్ళీ ఈవిడ పాడింది. మన సంగీతం నేర్పేవాళ్ళు ఎప్పటినుంచో చేసే పని ఇదే. తప్పు అన్న మాట రాకుండానే చెవికి తేడా తెలుస్తుంది. పాడి చూపించలేనివాళ్ళు ఏ మాట మీద జారిందో ఆ ఒక్క మాట చెబితే చాలు. ఇంటికి పోయి ఫోన్‌లో శ్రుతి పెట్టుకుని, రికార్డు చేసుకుని వింటే మిగతాది వాళ్ళకే వినపడుతుంది.

సంగీతం రానివాళ్ళు కూడా ఒకటి చూడొచ్చు. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారన్నది. మాట మధ్యలో ఊపిరి తీస్తే తెలుగు అర్థం తెగిపోతుంది. సాహిత్యం కాగితం మీద పెట్టుకుని, తెగిన చోట గీత పెట్టి ఇవ్వండి. మా సార్‌కు రాగాలు తెలియవు. ఈ పని మాత్రం ఆయనకన్నా బాగా ఎవరూ చేయరు.

ఫొటోల గురించి ఎక్కువ రాయను. పిల్లోడు చంద్రగిరి రాజమహల్‌ను దగ్గర నుంచి ఫోన్ పైకెత్తి తీసుకొచ్చాడు. మహల్ వెనక్కి వాలిపోయినట్టు వచ్చింది. "గోడలు వాలినట్టున్నాయి, కావాలనే తీశావా?" అని అడిగాం. కావాలని కాదు. వెనక్కి నడిచి, తెరమీద గీతలు ఆన్ చేసుకుని, ఫోన్ నిటారుగా పట్టుకుని తీయమన్నాం. అయిపోయింది. ఇట్లాంటి చేతిపని చిక్కులకు నేరుగా మందు చెప్పేయొచ్చు, చుట్టూ తిరగక్కరలేదు. "కావాలనే చేశావా?" అన్న ప్రశ్న మాత్రం మరవకండి. కొన్నిసార్లు కావాలనే చేసుంటారు.

మీది మీరు చూపించేటప్పుడు

"ఎట్లుండాది?" అని అడగకండి. ఆ ప్రశ్నకు జవాబు ముందే తయారుగా ఉంది. మీకు ఎక్కడ అనుమానం ఉందో అదే అడగండి. "ఈ కథలో తల్లి మీద కోపం వచ్చిందా, జాలి వచ్చిందా?" "ఈ బొమ్మలో ముందు ఏది కనపడింది?" "రెండో చరణంలో మాటలు స్పష్టంగా వినపడినాయా?" ఇట్లా అడిగితే మొహమాటస్తులు కూడా నిజం చెబుతారు, ఎందుకంటే ఇందులో మంచీ చెడూ లేదు, ఏది జరిగిందన్నదే ఉంది.

చెబుతున్నప్పుడు రాసుకోండి. జవాబివ్వకండి. ఇది అన్నిటికన్నా కష్టం. నోటి చివరిదాకా వస్తుంది, "అది కాదండీ, అక్కడ నేను ఏమనుకున్నానంటే" అని. మీరు వివరించారంటే ఎదుటి మనిషి ఇక మీ వివరణతో చూస్తాడు, తన కళ్ళతో చూడడు. ఆ మొదటి చూపు మళ్ళీ దొరకదు. రేపు మీ కథ చదివే మనిషి పక్కన మీరు కూర్చుని వివరించలేరు కదా. "సరే, రాసుకున్నాను" అనండి. అర్థం కాకపోతే "ఏ చోట?" అని మాత్రం అడగండి.

పుస్తకంలో పేజీని రెండుగా చేసి, ఎడమవైపు బాగున్నాయన్నవి రాయండి. ఇది సంతోషం కోసం కాదు. దిద్దే ఊపులో మనం చెడ్డవాటితోపాటు మంచివాటినీ తుడిచేస్తుంటాం. ఎడమవైపు రాసినవి ముట్టుకోకూడనివి. కుడివైపు చిక్కులు. ఎవరు చెప్పారో పక్కన రాసుకోండి.

ఆ రాత్రి ఏమీ మార్చకండి. నొప్పిగా ఉంటుంది, ఎవరికైనా ఉంటుంది. గుడ్డ చుట్టి బీరువాలో పెట్టండి. కొన్నాళ్ళు పోయాక పుస్తకం తీస్తే, ఆ రోజు గుచ్చుకున్న మాటల్లో కొన్ని మామూలుగా కనపడతాయి. అప్పుడు ఇట్లా చూడండి. ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరు ఒకే చోటు చూపించారా? వాళ్ళు చెప్పిన కారణాలు వేరైనా సరే, ఆ చోట ఏదో ఉంది. ఒకరు "ఈ పేరా అర్థం కాలేదు" అని, ఇంకొకరు "ఈ పేరా పొడుగైంది" అని అంటే, చిక్కు బహుశా ఆ పేరాకు ముందే ఎక్కడో ఉంటుంది. ఒక్కరే చెప్పినది అయితే, చెప్పినవాళ్ళ వైపు నుంచి ఒకసారి చూసి, మనసుకు ఎక్కితే తీసుకోండి, లేకపోతే వదిలేయండి. వదిలేసినందుకు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు.

మనిషి మీద పడ్డ మాటలను అసలు రాసుకోకండి. "నీకు ఇది రాదు", "నీ చేతికి ఇది పట్టుబడదు" అన్నవాటిలో దిద్దుకోవడానికి ఏమీ లేదు. అట్లాగే ఏమీ చెప్పని మాటలూ ఉంటాయి. మా వీధి పాప సంక్రాంతి ముగ్గుల పోటీకి పోతే, జడ్జి "ఇంకా బాగా వేయాలి" అని చెప్పి పంపారు. పాప ఇంటికొచ్చి ఏడ్చింది. ఇంకా బాగా అంటే ఏమిటో దానికి ఎట్లా తెలుస్తుంది? పాప వేసింది 15 చుక్కల ముగ్గు, సందు చుక్క, 8 దాకా. ఇద్దరం ఫోన్‌లో ఆ ముగ్గు ఫొటో పెద్దది చేసి చూశాం. చివరి వరసలకు వచ్చేసరికి చుక్కల మధ్య దూరం తగ్గిపోయింది. అందుకే ఒక పక్క మెలికలు ఇరుక్కున్నాయి. "ప్రతి రెండు వరసలకూ లేచి నిలబడి పైనుంచి చూసుకో" అని చెప్పాను. ఏడుపు ఆపి ముగ్గుపిండి డబ్బా తీసుకుని గేటు ముందుకు పోయింది.

ఇంట్లోవాళ్ళు

"ఇది అమ్మితే ఎంతొస్తుంది?" అని ఇంట్లో ఒకరు తప్పక అడుగుతారు. దాన్ని విమర్శ కింద లెక్కపెట్టకండి, దానిమీద గొడవా పెట్టుకోకండి. వాళ్ళకు ఏం అడగాలో తెలియక అడిగే ప్రశ్న అది. మీరే వాళ్ళకు ఒక పని ఇవ్వండి. నేను మా అత్తగారిని కూర్చోబెట్టి "అత్తా, ఈ సీతమ్మ ముఖం చూస్తే కోపంగా ఉన్నట్టుందా, దిగులుగా ఉన్నట్టుందా?" అని అడుగుతాను. ఆమె అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూస్తుంది. "దిగులు కాదు, నిద్ర చాలనట్టుంది. రెప్ప కిందికి వచ్చింది" అంటుంది. ఏ ఎగ్జిబిషన్‌లోనూ నాకు ఇంత సరిగ్గా చెప్పినవాళ్ళు లేరు. బొమ్మ బొగ్గులో ఉన్నప్పుడే ఆమెకు చూపించేది అందుకే.

భార్యాభర్తల మధ్య అయితే టైం చూసుకోండి. ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పుతున్న మనిషి ముందు కథ పెడితే వచ్చే జవాబు కథ గురించి కాదు.

ఫోన్‌లో మెసేజ్‌గా దిద్దుబాట్లు పంపకండి. రాతలో గొంతు వినపడదు, రెండు ముక్కల్లో పంపిన మంచి మాట కూడా కటువుగా తగులుతుంది. మెచ్చుకోలు అయితే రాసి పంపండి, వాళ్ళు మళ్ళీ మళ్ళీ చదువుకుంటారు. దిద్దాల్సింది ఉంటే ఫోన్ చేయండి, లేకపోతే కలిసినప్పుడు చెప్పండి.

మీ ఊళ్ళో ఇట్లా కూర్చోవాలనుకుంటే నలుగురు చాలు, ఆరుగురు దాటితే ఒకరి వంతు రాకుండానే చీకటి పడుతుంది. అందరూ ఒకే పని చేసేవాళ్ళు కానక్కరలేదు, కాకపోతేనే మంచిది. కొత్తగా వచ్చినవాళ్ళను మొదటిసారి ఏమీ చూపించమని అడగకండి. ఊరికే కూర్చుని వేరేవాళ్ళ పని మీద ఎట్లా మాట్లాడుకుంటున్నామో విననివ్వండి. రెండోసారి చిన్నది తెమ్మనండి. చేతిరుమాలంత గుడ్డ, ఒక పేజీ, ఒక పల్లవి. దాంతోపాటు వాళ్ళకు ఏం తెలుసుకోవాలనుందో ఒక చీటీ మీద రాసుకుని రమ్మనండి. ముందు ఆ చీటీ చదివి, ఆ ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పండి. మీకు ఇంకేం కనపడినా అది వచ్చే నెలకు ఉంచుకోండి. ఎవరైనా ఒక నెల రాకపోతే రెండు రోజుల్లో ఫోన్ చేసి, పని గురించి ఎత్తకుండా, ఇంట్లో అందరూ ఎట్లున్నారని అడగండి.